తోడుకు వెళ్ళిన మహారాజు

"వాడుకో, కానీ విప్పి చూడకు, పక్కవాడికి ఇవ్వకు" అని లైసెన్సు రాయొచ్చా కూడదా అని ఈనాడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. ఈ గొడవ తమతోనే మొదలైందనుకుంటున్నారు, పాపం! ఒకానొక రాజ్యంలో చండకేతు మహారాజు ఏనాడో ఆ పని పెరుగుతో చేశాడు.

కోట పెరుగు కత్తితో కోస్తే ముక్క తెగేంత గట్టిగా ఉండేది. దాన్ని ముద్ర వేసిన ముంతల్లో ఊరందరికీ అమ్మిస్తూ రాజు శాసనం వేయించాడు: "తినవచ్చు. తోడు వేయరాదు. పొరుగువారికి ఇవ్వరాదు. ఎలా చేశారని అడగరాదు." మొదట్లో నవ్వుకున్న జనం ఆ రుచి మరిగి, ఇళ్ళల్లో తోడు వేయడమే మానేశారు.

పాలమ్ముకునే గురవమ్మ మానలేదు. ఒకనాడు ఇంట్లో తోడు పాడైతే, కొన్న ముంత అడుగున మిగిలిన కాస్త పెరుగు తన పాలలో వేసుకుంది. భటులు ఆవిడను సభకు ఈడ్చుకొచ్చారు.

"పశువుల్ని లాక్కుని రేపు సాయంత్రంలోగా దేశం దాటించండి" అన్నాడు రాజు. గురవమ్మ తల వంచుకుని నిలబడింది.

విదూషకుడు బుచ్చన్న లేచాడు. "కొన్న పెరుగులో చివరి చెంచా ఎవరిది ప్రభూ?"

"తినేంతవరకే ఆవిడది. తోడు వేసే హక్కు మేం అమ్మలేదోయ్!"

"ఆహా! మరి ఈ శాసనానికి మినహాయింపులేమైనా..."

రాజు మీసం మెలేశాడు. "మినహాయింపా? మేం తప్పినా మాకూ అదే శిక్ష!"

"అయితే వంటల నరసన్ననూ పట్టించండి. నిన్నటి కోట పెరుగుతోనే ఇవాళ పాలు తోడేశాడు. రోజూ అదే పని, దుర్మార్గుడు!"

సభ గొల్లుమంది. రాజు అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక, శాసనం తప్పి తోడేసిందని కోటలో ఉన్న పెరుగంతా పారబోయించాడు.

మర్నాడు నరసన్న తోడు లేక మిరపకాయ తొడిమలు వేసి పాలు తోడుపెట్టబోతే, అవి తీగలు సాగి కంపు కొట్టాయి. రాజు చారన్నం ముగించి కంచం ముందు అలాగే కూర్చున్నాడు. పెరుగన్నం తినకుండా చేయి కడుక్కోవడం ఆయనకు తెలియదు మరి.

"ఊళ్ళో ఎవరింట్లోంచైనా ఇంత తోడు తెండర్రా!"

"అందరూ మన ముంతలే కదా ప్రభూ కొనేది! ఉంటే గింటే గురవమ్మ ఇంట్లో ఉండాలి. అదీ మన పెరుగుకు పుట్టిందే. శాసనం ఉండగా ముట్టుకుంటే తమరూ మూటాముల్లె సర్దుకోవాలి" అన్నాడు బుచ్చన్న.

రాజు పళ్ళు కొరికాడు. "సరే, శాసనం రద్దు! భటుల్ని పంపు."

"భటులా! తోడు కావాలంటే ఇంటివాళ్ళే గిన్నె పట్టుకుని గడప దగ్గర నిలబడాలి. మన ఊరి ఆచారం ప్రభూ."

తల్లి వాడిన వెండి గిన్నె ఉత్తరీయం కింద దాచుకుని, వీధి వీధంతా చూస్తుండగా వెళ్ళాడు మహారాజు. గురవమ్మ మూట కడుతోంది. పెరట్లో దూడ అరుస్తోంది.

"అమ్మా... కాస్త తోడు..." అంటూ రాజు గిన్నె బయటికి తీశాడు.

ఆవిడ గిన్నె కేసి చూసింది. "ఇది నేనెరుగుదును బాబూ. మీ అమ్మగారు కొత్తకోడలిగా వచ్చిన ఏడు, కోటలో పెరుగు చెడిపోతే ఇదే పట్టుకుని ఈ గడపకే వచ్చారు. మా అత్త తోడు పెట్టింది. అడిగినవాళ్ళకి లేదనకుండా పెట్టమ్మా అని మాత్రం చెప్పింది."

రాజుకు తల కొట్టేసినట్టయింది. తనదని ముద్ర వేసి అమ్ముకున్నది ఈ ఇంటి పెరుగు! అమ్మ కలిపి పెట్టిన ముద్దలన్నీ ఈ ఇంటివే!

"నిన్న సభలో ఆ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"తోడు పెట్టి చెప్పుకుంటారా బాబూ ఎవరైనా?" అంటూ ఆవిడ గిన్నెలో గరిటెడు పెరుగు వేసింది.

రాజు సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిపోయింది, ఎక్కడికీ వెళ్ళకమ్మా" అని, గడప పక్కన కూర్చుని తన చేతులతోనే ఆ మూట విప్పాడు.

మర్నాడు పొద్దున్నే కోట వాకిట్లో గిన్నె పట్టుకుని మొట్టమొదట నిలబడ్డవాడు బుచ్చన్న. "మా ఇంట్లో తోడు లేదు ప్రభూ!"

రాజుకు నవ్వు ఆగలేదు. తన బంగారు కంకణం తీసి బుచ్చన్న చేతికి తొడిగి, తానే గరిటె అందుకున్నాడు.

"ఎలా చేశారని అడగొచ్చా ప్రభూ?"

"అడుగు. గురవమ్మ ఇంటిదని చెబుతాను" అన్నాడు రాజు, నవ్వుతూనే తల దించుకుని.