ఐదుగురు పోయి ఐదుగురు వచ్చిన అడవి

లోకంలో తెలివి తగ్గిపోతోందని గుర్రాల కోటిలింగంగారు రోజూ బాధపడేవారు. అది ఎటు పోతోందో కూడా ఆయనకి తెలుసు. అంతా వచ్చి వాళ్ళింట్లోనే పడుతోంది. నలుగురికీ పంచుదామంటే తీసుకునేవాళ్ళు లేరు, ఉన్నదంతా ఇంట్లో పెట్టుకుందామంటే చోటు చాలట్లేదు.

ఊరివాళ్ళకీ వీళ్ళకీ తేడా ఒకటే. ఊరివాళ్ళు ఒక మాట వింటే దానికి తమ సొంత పైత్యం నాలుగు గరిటెలు కలుపుకుంటారు. గుర్రాలవాళ్ళు కలపరు. చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా చేస్తారు. ఒకసారి పక్కింటివాళ్ళు యాత్రకి వెళ్తూ "నాలుగు రోజులు మా ఇల్లు కాస్త చూస్తూ ఉండండి" అన్నారు. అంతే. ఇంటిల్లిపాదీ ఎదురుగా చాప వేసుకుని, వంతులవారీగా నాలుగు రోజులూ ఆ ఇంటిని చూశారు. మూడోరోజు ఎవడో దొడ్లోంచి గేదెని తోలుకుంటూ వీళ్ళ ముందునుంచే వెళ్ళాడు. గేదె ఇల్లు కాదు కదా. "కాస్త పక్కకి తప్పుకో నాయనా, గోడ కనపడట్లేదు" అన్నారు కోటిలింగంగారు.

ఇంత తెలివిలోనూ పెద్ద వాటా ఆ ఇంటి ఆడపిల్ల హైమది. ఇరవై నాలుగేళ్ళు. బడి పదో తరగతితో ఆగిపోయినా, మందుపెట్టెల మీదా బిస్కెట్ పొట్లాల మీదా ఉన్నదంతా చదివి, తనంతట తానే చదువు పూర్తి చేసుకుంది. ఆ చదువుతోనే మందుల షాపులో ఉద్యోగం కూడా వచ్చింది. "డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ మందివ్వకు" అన్నాడు యజమాని. మధ్యాహ్నానికి ఆయనకే తలనొప్పి వచ్చింది. ఒక మాత్ర అడిగాడు. హైమ చీటీ అడిగింది. ఇంకేముంది, సాయంత్రానికి ఇంటికొచ్చేసింది.

అలాంటివి మూడు ఉద్యోగాలు పోయాయి. నాలుగోది దుప్పిలేరు జాతీయ పార్కులో గైడు పని. అదీ పోతే ఇక జన్మంతా ఇంట్లో కూర్చోవాలి. అంత తెలివి మధ్య పొద్దస్తమానం కూర్చుంటే ఎలా ఉంటుందో హైమకి తెలుసు. మూడేళ్ళుగా కూర్చుంటోంది. ఊపిరాడదు.

రేంజి ఆఫీసరు దయానిధిగారు మంచివాడు. మంచివాళ్ళకి రావలసినవే ఆయనకీ వచ్చాయి. "ముందు మీ ఇంట్లోవాళ్ళనే తీసుకొచ్చి, సైకిళ్ళ మీద అడవంతా తిప్పు. ఒక రాత్రి డేరాలో ఉండండి. మర్నాడు సాయంత్రం ఆరింటిలోపు ఎంతమందిని తీసుకెళ్ళావో అంతమందీ గేటు దాటి బయటికొస్తే, ఆర్డరు మీద సంతకం పెడతాను. ఒక్కరు తేడా వచ్చినా ఉద్యోగం లేదు" అన్నాడు.

శనివారం పొద్దున్నే గుర్రాలవాళ్ళు గేటు దగ్గర దిగారు. మూడు సైకిళ్ళు, ఐదుగురు మనుషులు. కోటిలింగంగారి వెనక ఆయన తల్లి అచ్చమ్మ. తమ్ముడు పిచ్చేశ్వర్రావు వెనక వదిన సౌభాగ్యం. హైమ వెనక డేరా, స్టవ్వు, గిన్నెలు, బియ్యం.

దయానిధిగారు ఇంకా సంతకం పెట్టని ఆర్డరు కాగితం హైమకిచ్చి, అందర్నీ గేటు దగ్గరే నిలబెట్టి చెప్పాడు. "ఇక్కడ సైకిలు మీదే వెళ్ళాలి. ఎక్కడపడితే అక్కడ దిగి అడవిలో కాలు పెట్టొద్దు. జంతువులకి తిండి పెట్టొద్దు. మీరు తెచ్చుకున్నది ఏదీ లోపల వదిలేసి రావొద్దు. అర్థమైందా?"

"ప్రతి అక్షరం, సార్" అంది హైమ. నిజమే, అక్షరాలన్నీ పుస్తకంలో రాసుకుంది.

ఆయన అటు తిరగ్గానే కోటిలింగంగారు గొంతు తగ్గించి అడిగారు. "అమ్మాయ్, కాలు పెట్టొద్దన్నాడు గానీ ఏ కాలో చెప్పలేదేం?"

"చెప్పలేదు కాబట్టి రెండూ పెట్టకపోవడం మంచిది నాన్నా."

"విన్నావా సౌభాగ్యం. ఇదీ మన పిల్ల."

"నా పిల్ల" అంది సౌభాగ్యం.

గేటు దాటి పావు మైలు కూడా పోలేదు, ఎత్తు తగిలింది. మామూలు మనుషులైతే దిగి సైకిలు నెట్టుకుంటూ పోతారు. మామూలు మనుషులకి ఉద్యోగాలు ఊరికే వస్తాయి. వీళ్ళు దిగలేదు. సగం ఎక్కారు, వెనక్కి జారారు. మళ్ళీ సగం ఎక్కారు, మళ్ళీ జారి గేటు దాకా వచ్చారు. గేటు కాపలా బాలస్వామి ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏనుగుల్ని చూశాడు గానీ, వెనక్కి నడిచే సైకిళ్ళని చూడలేదు.

"అన్నయ్యా, ఒకటి గమనించావా?" అన్నాడు పిచ్చేశ్వర్రావు. "వెనక్కైతే తొక్కకుండానే బ్రహ్మాండంగా పోతున్నాయి. ముందుకే పోవట్లేదు. సైకిళ్ళని ఇటు తిప్పుకుంటే వెనక్కి వెళ్తూనే ఎక్కేస్తాం కదా."

ఇన్నాళ్ళూ ఇలాంటి మనిషిని చెట్నీలు రుబ్బే పనిలో పెట్టినందుకు సౌభాగ్యానికి సిగ్గేసింది. సైకిళ్ళు తిప్పారు. అంతే. ఈసారి ముందుకే జారి, ముగ్గురు తొక్కేవాళ్ళూ ఇద్దరు కూర్చునేవాళ్ళూ కలిసి తుప్పల్లో పడ్డారు.

హైమ తుప్పల్లోంచే అడిగింది. "ఎవరిదైనా కాలు నేలకి తగిలిందా?"

అందరూ చూసుకున్నారు. కోటిలింగంగారు వీపు మీద పడ్డారు. సౌభాగ్యం పక్క మీద. పిచ్చేశ్వర్రావు మొహం మీద. కాళ్ళన్నీ గాల్లోనే ఉన్నాయి.

"కాలు పెట్టొద్దన్నారు గానీ వీపు పెట్టొద్దనలేదు కదే" అంది అచ్చమ్మ. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. ఏటా తిరునాళ్ళలో పొర్లుదండాలు పెట్టే మనిషి. "నేను ముందు పోతా. నా వెనక రండి."

ఇంకేముంది. సైకిళ్ళకి తాళ్ళు కట్టి, ఆ తాళ్ళు నడుములకి చుట్టుకుని, కొండెత్తు మొత్తం పొర్లుదండాలతో ఎక్కారు. దారి పొడుగునా నెమళ్ళు ఆగి చూశాయి. హైమ మాత్రం తిరిగిన ప్రతిసారీ ఒకసారి ఆకాశాన్నీ ఒకసారి మట్టినీ చూస్తూ, గైడు కాబట్టి, "ఇటు మద్దిచెట్టు, అటు ఏగిస చెట్టు" అని చెబుతూనే ఉంది. అటేదో ఇటేదో ఎవరికీ తెలియలేదు.

పైన డేరా వేసే చోటు చదునుగా, శుభ్రంగా ఉంది. అంత శుభ్రమైన నేలని వీళ్ళు ముట్టుకోలేదు. మూడు సైకిళ్ళకీ స్టాండ్లు వేసి, వాటి మీదే డేరా కప్పి, సీట్ల మీదా క్యారియర్ల మీదా కూర్చున్నారు. స్టవ్వు హైమ క్యారియర్ మీద వెలిగించారు. గరిటె జారి కింద పడితే పిచ్చేశ్వర్రావుని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా దింపారు. మూడోసారి పడ్డాక, మళ్ళీ మళ్ళీ ఎత్తడం దేనికని ఆయన్ని అలాగే ఉంచేశారు.

అన్నం ఉడికేసరికి సౌభాగ్యం మొహం మాడిపోయింది. "ఏమండీ, ఈ పొగ ఎవరిది?"

"మన స్టవ్వుది."

"అంటే మనం తెచ్చిందేగా. అది అడవిలోకి పోతోందే."

తెచ్చింది ఏదీ లోపల వదిలేసి రావొద్దు. పుస్తకంలో రాసే ఉంది. హైమ తలెత్తి చూసింది. ఉద్యోగం అలా మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. "బాబాయ్, డేరా మూసెయ్" అంది. పిచ్చేశ్వర్రావు కిందనుంచే గుడ్డ అంచులన్నీ లాగి మూతి కట్టేశాడు. మంచి పని చేశాడు గానీ, లోపల అందరూ ఉన్నారు. కాసేపటికి దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ, ఒక్కొక్కళ్ళే ఆ మూతిలోంచి బయటికి దొర్లి, సైకిళ్ళనీ సామాన్లనీ లాక్కుని, పొగని మాత్రం బయటికి రానివ్వకుండా మళ్ళీ బిగించారు. నిండు మూటయింది.

సందెవేళ దోమలొచ్చాయి.

"అన్నయ్యా, దోమ జంతువా, కాదా?"

"ప్రాణముంది, ఆకలుంది. జంతువే."

"అయితే ఇప్పుడు నేను జంతువుకి తిండి పెడుతున్నానన్నమాట" అని పిచ్చేశ్వర్రావు తన చెయ్యి తనే భయంగా చూసుకున్నాడు.

"పెట్టడమే కాదు బాబాయ్" అంది హైమ. ఆమెకి ఏడుపొచ్చేలా ఉంది. "నీ నెత్తురు నువ్వు ఇంటినుంచి తెచ్చుకున్నది. అది ఇక్కడ ఉండిపోకూడదు."

అంతే. నెత్తురు తాగిన ప్రతి దోమనీ పట్టుకుని అగ్గిపెట్టెలో వేశారు. ఏ దోమ ఎవరిదో తేలక అక్కాచెల్లెళ్ళలా ఉండే అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నారు. "అది నాది, బొద్దుగా ఉంది చూడు" అంది అచ్చమ్మ. ఆ రాత్రి సైకిలు సీట్ల మీద ఎవరు ఎలా పడుకున్నారో చెప్పడం కన్నా, పొద్దున ఎవరూ కూర్చోలేకపోయారని చెబితే చాలు.

ఆదివారం మధ్యాహ్నం దాకా అడవి చూశారు. అంటే, వాళ్ళ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నారు. నాలుగింటికి హైమ పుస్తకం తీసి, తెచ్చిన సామాను ఒక్కొక్కటీ టిక్కు పెట్టింది. గిన్నెలు, గరిటె, స్టవ్వు, బియ్యం మిగిలింది, దోమల పెట్టె, డేరా, అందులో పొగ. పొగమూట పెద్దది. పెట్టడానికి చోటు లేదు. చివరికి కోటిలింగంగారి క్యారియర్ మీద పెట్టి తాళ్ళతో బిగించారు.

"ఒరేయ్ కోటీ, అక్కడ కూర్చునేది నేను కదరా" అంది అచ్చమ్మ బండమీదినుంచి, కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని.

హైమ చీటీ పైనుంచి కింద దాకా చూసింది. "ఇందులో నీ పేరు లేదే నాయనమ్మా. ఇది సామాను చీటీ."

"నేను సామానునటే?"

"అందుకేగా లేదంటున్నాను."

"పొగకున్న విలువ నాకు లేదన్నమాట."

"ఊరుకో అమ్మా, దేని విలువ దానిది" అని కోటిలింగంగారు సైకిలు తొక్కేశారు.

సగం దారి వచ్చాక హైమకి లెక్క గుర్తొచ్చింది. నాన్న, అమ్మ, బాబాయి, తను. పాతకాలపు తెలివితక్కువవాళ్ళలా తనని తాను మర్చిపోయే రకం కాదు హైమ. ముందు తననే లెక్కపెట్టుకుంది. అయినా నలుగురే. మళ్ళీ కిందనుంచి పైకి లెక్కపెట్టింది. అటునుంచీ నలుగురే. ఒక్కరు తక్కువ. ఒక్కరు తేడా వచ్చినా ఉద్యోగం లేదు. టైము ఐదున్నర.

సరిగ్గా అప్పుడే ఎదురుగా సైకిలు తొక్కుకుంటూ దయానిధిగారు వచ్చాడు. "ఏమ్మా, ఎంతసేపు? మీకోసం ఎక్కడని వెతకను? అందరూ ఉన్నారా?" అని ఆగి, కాలు కింద పెట్టాడు. గుర్రాలవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పెద్ద ఉద్యోగస్తులకి నియమాలుండవు మరి.

హైమ ఆయన్ని చూసింది. ఒక తల, రెండు కాళ్ళు, రెండు చేతులు. ఏ లోటూ లేదు.

"ఇప్పుడు ఉన్నాం సార్" అంది. "మీరు మా మధ్యలో రండి. వెనకబడకండి."

ఎంత శ్రద్ధ అనుకున్నాడు ఆయన. పాపం.

గేటు దగ్గర బాలస్వామి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పోయినవాళ్ళు ఐదుగురు, వచ్చినవాళ్ళు ఐదుగురు. పుస్తకంలో రాసేశాడు. ఎవరెవరని రాయడానికి అందులో గడి లేదు. గేటుకి తాళం వేసి, బయటికొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగినట్టే అడిగాడు. "అడవిలోంచి ఏమన్నా తెచ్చారా? పుల్ల తెచ్చినా సరే, మళ్ళీ లోపల పెట్టెయ్యాలి." అని తాళంచెవి హైమ చేతికిచ్చి, ఆరు గంటల గంట కొట్టడానికి ఆఫీసు వెనక్కి వెళ్ళాడు.

దయానిధిగారు హైమ భుజం తట్టబోయాడు. "భేష్. ఆ ఆర్డరు కాగితం ఇలా..."

అప్పుడే గేటు అవతల దుమ్ము లేచింది. కొండెత్తు మీదినుంచి ఏదో దొర్లుకుంటూ వచ్చి కడ్డీలకి తగిలి ఆగింది. అచ్చమ్మ.

"పొగ చేరిందా క్షేమంగా?" అంది దుమ్ము దులుపుకుంటూ.

హైమ గేటు తీసింది. అచ్చమ్మ ఇవతలికొచ్చింది. ఇంకేముంది, ఆరుగురయ్యారు. హైమ మళ్ళీ లెక్కపెట్టింది, ఆరుగురే.

"ఒకరు ఎక్కువయ్యారే" అన్నారు కోటిలింగంగారు. "ఎవరబ్బా?"

"నేను కాదు" అంది సౌభాగ్యం ముందుజాగ్రత్తగా.

హైమ ఆలోచించింది. నాయనమ్మని ఇంటినుంచి తీసుకెళ్ళింది తనే. మరి ఈయన? ఈయన తమకి అడవి మధ్యలో దొరికాడు. "సార్, తప్పయిపోయింది. మిమ్మల్ని మేం అడవిలోంచి తెచ్చాం" అంది. "పుల్లనే తీసుకురాకూడదట, మనిషిని తేవడం ఎంత పెద్ద తప్పు."

"ఏమిటమ్మా నువ్వనేది?"

ఆయనకి అర్థమయ్యేలోపు కోటిలింగంగారు భుజాలు, పిచ్చేశ్వర్రావు కాళ్ళు పట్టుకున్నారు. ఎంతో మర్యాదగా, ఆ కాళ్ళు నేలకి తగలకుండా, లోపల ఒక రాయి మీద కూర్చోబెట్టి వచ్చారు. హైమ తాళం వేసింది. లెక్కపెట్టింది. ఐదుగురు. అమ్మయ్య.

దయానిధిగారు కడ్డీలు పట్టుకుని ఊపాడు. అరిచాడు. వెనక పొదల్లో ఎలుగుబంటి లాంటిదేదో గుర్రుమంది. దాంతో అరవడం మానేసి, చాలా మెత్తగా మాట్లాడాడు. "హైమా, తల్లీ. గేటు తియ్యమ్మా."

"ఆర్డరు మీద సంతకం, సార్. అంతమందీ బయటికొచ్చారు."

"ఇటివ్వు, పెడతాను. పెట్టి తీరతాను." కడ్డీల మధ్యనుంచి కాగితం లాక్కుని, గబగబా సంతకం చేసి, తేదీ కూడా వేశాడు. "ఇదుగో. నువ్వు ఈ పార్కు ఉద్యోగివి. తియ్యి."

ఆఫీసు వెనక గంట మోగింది. ఆరు దెబ్బలు.

హైమ కాగితం అందుకుని, ఉద్యోగస్తురాలిగా మొట్టమొదటిసారి, మొదటి పంక్తి నుంచి చదివింది. రెండో పంక్తి దగ్గర ఆగింది. సాయంత్రం ఆరు దాటాక పార్కు ఉద్యోగి ఎవరు అడిగినా, ఏ కారణం చేతా, తెల్లవారేదాకా గేటు తెరవరాదు. కింద దయానిధిగారి సంతకం, ఇంకా తడి ఆరలేదు.

"సంతకం పెట్టకముందు ఇంకొక్కసారి అడిగి ఉంటే తీసేదాన్ని సార్" అంది హైమ, నిజంగానే బాధపడుతూ. "అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు."