ఓబులాచారి ఇత్తడి గడియారం

ఏ సంస్థానమో నాకు గుర్తులేదు గానీ, అక్కడి దొర చేతికి ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించిన బంగారు గడియారం ఉండేది. విగ్రహాలు పోసే ఓబులాచారి ఒకసారి దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. పాడైన జేబు గడియారం చక్రాలు సంపాదించి, పైన ఇత్తడి తొడుగు పోసి, ఏడాది పాటు కూర్చుని అచ్చం అలాంటిదే చేసి చేతికి కట్టుకున్నాడు. ఎంత ఓపికో చూడండి.

దొరకి సంగతి తెలిసింది. కొలువుకి పిలిపించి, "నాదానికి నకలు చేసి నా పరువు తీస్తావా? ఇక్కడే కరిగించు" అన్నాడు.

ఆచారి కుంపటి తెచ్చి నిప్పు రాజేశాడు. "దొరా, గుళ్లో ఉత్సవ విగ్రహాన్ని కూడా తెప్పించండి" అన్నాడు.

"అదెందుకయ్యా?"

"గర్భగుడిలో స్వామిని చూసి, అచ్చం అలాగే మీరే నాచేత పోయించారు. ఆ నకలు ముందు చేశాను. ముందు దాన్నే కరిగించాలి కదా."

దొర ఉలిక్కిపడ్డాడు. "ఊరేగే స్వామిని నకలంటావేమిటి? ఆయన్ని చూస్తే లోపలి స్వామి మీద భక్తి పెరుగుతుంది గానీ తగ్గుతుందా?"

"నా చేతిది చూసినవాళ్లంతా మీ గడియారం గురించే అడుగుతున్నారు దొరా."

దొర కుంపటి పక్కకి తీసెయ్యమని సైగ చేశాడు.

"నీదాంట్లో గంటెంతైంది ఆచారీ?"

"మీదాని కంటే రెండు నిమిషాలు తక్కువే దొరా."