నాలుగో భుజం

నల్లకోన దుర్గాన్ని ఏలిన కంఠీరవ భూపతికి యుద్ధాలంటే విసుగు, వేటంటే భయం. ఆయనకున్న వ్యసనమల్లా చిక్కు ప్రశ్నలు. తాను విప్పలేని చిక్కు ఈ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఎన్నడూ దెబ్బ తగల్లేదు. ఎందుకంటే ప్రశ్న అడిగేదీ ఆయనే, జవాబు ఒప్పో తప్పో తేల్చేదీ ఆయనే.

ఒకనాడు ఆయన ఒక శాసనం వేయించాడు. సభలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేనివారు, వారెంతటి వారైనా సరే, ఆ సాయంత్రం కొండ మీది పూదోట దాకా పల్లకీ మోయాలి.

కొండ నిట్టనిలువుగా ఉంటుంది. రాజుగారిది నిండు విగ్రహం.

ఆనాటి నుంచి దుర్గంలో పనులు మూలపడ్డాయి. సేనాపతి, పురోహితుడు, కోశాధికారి తెల్లవారగానే తాంబూలపు గదిలో చేరి, ఒకరికొకరు చిక్కులు వేసుకుంటూ సాధన చేసేవారు. విప్పినవాడు విప్పలేనివాడికి విడమరిచి చెప్పేవాడు. ఎంత సాధన చేసినా సాయంత్రమయ్యేసరికి ఎవరో నలుగురు పల్లకీ కింద ఉండేవారు. అసలు బోయీలు చేతులూపుకుంటూ వెనక నడుస్తూ, "భుజం మార్చండి దొరా, మెడ పట్టేస్తుంది" అని సలహాలిచ్చేవారు.

ఆ గదిలో అందరూ ఎదురుచూసేది ఓబళయ్య కోసం. ఆయన రాజుగారి తరఫున పొరుగు రాజులకు లేఖలు రాసే ఉద్యోగి. ఎంతటి చిక్కైనా ఆయన జవాబు చెప్పేసేవాడు కాదు. చిన్న కొస చూపించి, "ఇక్కడ పట్టుకుని లాగండి" అనేవాడు. లాగినవాడు తానే విప్పానని మురిసిపోయేవాడు. అందుకే ఆయనంటే అందరికీ ఇష్టం.

ఒకనాడు సభలో సేనాపతి, పురోహితుడు, కోశాధికారి ముగ్గురూ వరసగా ఓడిపోయారు. పల్లకీకి నాలుగో భుజం కావలసి వచ్చింది. రాజుగారి చూపు ఆస్థాన వైద్యుడు శరభయ్య మీద పడింది. శరభయ్యగారు వయసు మళ్ళినవాడు. మోకాళ్ళ నొప్పులతో సభకే ఇద్దరి సాయంతో వస్తాడు.

"వైద్యుడా, విను. ఒక గదిలో ఇద్దరు తండ్రులు, ఇద్దరు కొడుకులు ఉన్నారు. లెక్కపెడితే మనుషులు ముగ్గురే. ఎలాగు?"

శరభయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఒకరు పోయి ఉంటారు ప్రభూ" అన్నాడు.

"తప్పు! తాత, తండ్రి, మనవడు. నడిమివాడు తండ్రీ అవుతాడు, కొడుకూ అవుతాడు. ఈపాటి తెలియదా? పల్లకీ సిద్ధం చేయండి."

శరభయ్య వంగి తన మోకాళ్ళను ఒకసారి తడుముకున్నాడు, చివరిసారి చూసుకుంటున్నట్టుగా. సభలో అందరూ తలలు దించుకున్నారు.

ఓబళయ్య లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, నాదొక సందేహం. శాసనంలో 'వారెంతటి వారైనా సరే' అని ఉంది. అందులో ఏలినవారు కూడా ఉన్నారా?"

రాజు మీసం దువ్వాడు. "ఎందుకు లేను? శాసనానికి మొహమాటం తెలియదు. నన్నడిగే మొనగాడు ఉంటే కదా!"

"మొనగాణ్ణని కాదు. ఒక చిన్న ప్రశ్న ఉంది. నిన్న తాంబూలపు గదిలో సేనాపతిగారికి వేశాను. ఆయన భోజనం మానేశారు."

సేనాపతి అవునన్నట్టు నీరసంగా తలూపాడు.

"సేనాపతి బుర్రకూ నా బుర్రకూ పోలికా? అడుగు!"

"ఒక్క మాటలో చెబితే చాలు ప్రభూ, అవుననో కాదనో. ఇప్పుడు ఈ ప్రశ్నకు తమరు 'కాదు' అని జవాబు చెబుతారు. అవునా, కాదా?"

"కాదు!" అన్నాడు రాజు తడుముకోకుండా.

"చిత్తం. తమరు 'కాదు' అంటారని నేనన్నాను, తమరు 'కాదు' అనే అన్నారు. నేనన్నది నిజమైంది. నిజాన్ని తమరు కాదన్నారు."

రాజు మాట మార్చాడు. "అయితే అవును."

"అవునంటే, 'కాదు' అంటానని తమరు ఒప్పుకున్నట్టు. కానీ అన్నది 'అవును'. ఇదీ తప్పింది ప్రభూ."

రాజు సింహాసనం దిగి అటూ ఇటూ పచార్లు చేశాడు. "అవును" అని తూర్పుకి నడిచి, "కాదు" అని పడమటికి నడిచాడు. చాలాసేపటికి ఆయన వచ్చి కూలబడ్డాడు.

"దీనికి జవాబు నాకు తట్టడం లేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

"అయ్యో! ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది ప్రభూ" అన్నాడు ఓబళయ్య, నిజంగా దిగులుపడుతున్నట్టు. "పల్లకీ ఎక్కేది ఏలినవారు. శాసనం ప్రకారం మోయవలసిందీ ఏలినవారే. పైనా తమరే, కిందా తమరే ఎలా ఉంటారు? ఇది విప్పడం మా ఎవరి వల్లా కాదు."

చిక్కు అనే మాట చెవిన పడగానే రాజు కళ్ళు మెరిశాయి. గడ్డం గోక్కున్నాడు. అంతలో తొడ చరిచి లేచాడు.

"వెర్రివాళ్ళారా! పల్లకీలో రాజే కూర్చోవాలని శాసనంలో ఎక్కడుంది? ఎవరైనా కూర్చోవచ్చు! మోతకు నలుగురు చాలు, వైద్యుణ్ణి కూర్చోబెట్టండి. నాలుగో భుజం నాది!"

"ఆహా! ఇది మాకు తట్టనే లేదు ప్రభూ" అన్నాడు ఓబళయ్య.

శరభయ్య వద్దు వద్దంటున్నా పల్లకీలో ఎక్కించారు. రాజుగారు ఉత్సాహంగా పల్లకీ బొంగు భుజానికెత్తుకున్నాడు. శరభయ్య బక్కపలచని మనిషి. అయినా మొదటి మలుపుకే రాజుగారి కిరీటం చెవి మీదికి జారింది, ఊపిరి ఈలవేసింది. రెండో మలుపు దగ్గర ఆయన పల్లకీ దింపించి, ఒక బండ మీద చతికిలబడ్డాడు.

"ఇంత సన్నటివాడే ఇంత బరువుంటే, ఇన్నాళ్ళూ మీరు నన్నెలా మోశారయ్యా?"

ఎవరూ బదులు చెప్పలేదు. ఇది ఎలా విన్నా చిక్కు ప్రశ్నలాగే ఉంది.

రాజు ఓబళయ్య వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నీ ప్రశ్నకు జవాబు ఉందా?"

"లేదు ప్రభూ."

"లేదని తెలిసే అడిగావా?"

"ఉంటే తమరు చెప్పేసేవారు కదా ప్రభూ!"

రాజు ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పొగడ్తను కాదంటే తనకు నష్టం, అవునంటే ఓబళయ్యకు లాభం. అది తేలగానే ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. కొండంతా వినబడింది.

అక్కడికక్కడే శాసనం రద్దయింది. బోయీలకు వాళ్ళ పని వాళ్ళకు దక్కింది. ఓబళయ్యకు రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి వేశాడు. ఆ తర్వాత పూదోటకు పల్లకీలో కాదు, నడిచే వెళ్ళాడు, ఓబళయ్య భుజం మీద చెయ్యి వేసి, ఆ ప్రశ్నను పొరుగు రాజుకు పంపే లేఖ ఎలా మొదలుపెట్టాలో దారంతా చెబుతూ.