దొంగ సోమాలు

ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే చెప్పను. మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేది. అక్కడ చేపలకి కొదవ లేదు, అనుమానాలకి అసలే లేదు. పక్కింటివాడు దగ్గినా, నా వలమీద కన్నేశాడనుకునేవారు.

అందరిలోకీ అనుమానం మనిషి కాసులమ్మ. గంగమ్మతల్లి నగలపెట్టె ఆవిడ ఇంట్లోనే ఉండేది. ఆవిడకి అందరికంటే సోమాలు మీద అనుమానం ఎక్కువ. సోమాలు ఎక్కడినుంచో వచ్చి, రాలిన ఎండుచేపలు ఏరుకుని బతికే ఒంటరి ఆడమనిషి.

ఒకనాడు తుపాను పట్టింది. గాలి తిరిగింది. పీతలు ఇళ్లలోకి వచ్చేశాయి. సముద్రం బురదరంగుకి మారింది. ఉంటే చస్తామని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ కదిలితే ఒట్టు!

"ఊరి వెనక ఇసకదిబ్బెక్కేద్దాం రండమ్మా," అని సోమాలు గడపగడపకీ తిరిగింది.

"మేం పోతే మా వలలెవరు కాస్తారు?" అన్నారు మొదటి ఇంట్లో.

"ముందు పక్కోళ్లని కదలమను," అన్నారు రెండో ఇంట్లో.

"మమ్మల్ని పంపించి ఇళ్లు దోచుకుందామనా?" అంది కాసులమ్మ.

సోమాలు గిరుక్కున వెనక్కి తిరిగి పోయింది. కాసేపటికి నెత్తిన బుట్ట, బుట్టమీద ఎర్రగుడ్డ, దిబ్బవైపు ఒకటే పరుగు!

"గంగమ్మ నగలు నా బుట్టలో ఉన్నాయోచ్!" అని అరుపొకటి. దొంగ ఎక్కడైనా అలా అరుస్తుందా? ఎవరికీ తట్టలేదు. పెట్టె తెరిచి చూద్దామన్న బుద్ధీ పుట్టలేదు.

"దొంగ! దొంగ!" అని కాసులమ్మ, చేతిలో పచ్చడిబండ చేతిలోనే పెట్టుకుని వెంటపడింది. ఈవిడ పట్టుకుంటే సగం నొక్కేస్తుందని తోడికోడలు పరుగెత్తింది. తోడికోడల్ని నమ్మలేక ఊరంతా పరుగెత్తింది. తలకో వాటా పోతుందేమోనని చంటిబిడ్డల్నీ ముసలాళ్లనీ కూడా మోసుకుంటూ!

దిబ్బ నెత్తిన కాసులమ్మ బండ విసిరింది. అది సోమాలు కణతకి తగిలింది. పడిపోయింది పాపం. కాసులమ్మ గుడ్డ లాగి చూసింది. బుట్టలో ఉత్త ఇసక.

వెనక్కి తిరిగితే, ఊరున్న చోట నీళ్లు.

"ఎంత పని చేశావే తల్లీ!" అని కాసులమ్మ ఆ తల ఒళ్లో పెట్టుకుని బావురుమంది.

"రమ్మంటే వచ్చారా అమ్మా?" అంది సోమాలు. "దొంగని పట్టుకోడానికైతే అందరూ వచ్చారు."

ఆ మాటతోనే ప్రాణం పోయింది.

ఇప్పటికీ ఆ తీరాన తుపాను వస్తోందంటే, ఊళ్లో ఒక ముసలమ్మ సోమాలులా బుట్టెత్తుకుని ముందు నడుస్తుంది. పల్లె పల్లెంతా తలుపులు బార్లా వదిలేసి, "దొంగ! దొంగ!" అంటూ వెనకాలే పోతుంది. దిబ్బెక్కాక ఆవిడ కాళ్లకి దణ్ణం పెడతారు.

మామూలు రోజుల్లో మాత్రం అక్కడ ఎవరూ ఎవర్నీ దొంగ అనరు. వల పోయినా సరే, అనరు.