బస్సు పాట, పాత చాదరు

ఏడేళ్ల తర్వాత తెచ్చిన అయిదు పాటల్నీ ఆ సాయంత్రంలోగా జనం ఫోన్లలోంచి తీసేస్తాననీ, ఇక జన్మలో నోరు విప్పి పాడననీ చెప్పడానికి కంబగిరి ఎర్రగుట్ట ఎక్కి వచ్చాడు. వచ్చిన రోజు చూడండి, సరిగ్గా గుట్టమీద దర్గాలో ఉరుసు. చీమ దూరే సందు లేదు. నేను డోలక్ మీద ఒక్క దెబ్బ వేసి ఆ జనాన్ని రెండు పాయలుగా చీల్చి, వాణ్ణి లోపలికి లాక్కొచ్చాను.

నన్నెరగని వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఉంటే చెబుతున్నాను, డోలక్ దస్తగిరిని. వయసులో నేను ఇక్కడ వాయిస్తే పెన్న అవతల పల్లెల్లో పాలు విరిగేవి. అంతటి నేనూ మా గురువు జమాలయ్య ముందు పిల్లినే. ఆయన ఈ దర్గాను కనిపెట్టుకుని ఉంటూ తత్వాలు పాడేవాడు. ఆయన గొంతెత్తితే గుట్ట కింద పోయే గూడ్సు బండి ఆగిపోయి, తత్వం అయ్యాకే కదిలేది. డ్రైవరు దిగి దండం పెట్టుకునేవాడు. ఇది నా కళ్లతో చూశాను. మిగతావాళ్లు భక్తితో కళ్లు మూసుకున్నారు గనక చూడలేదు.

కంబగిరి పాట నేర్చింది ఆయన దగ్గరే. తర్వాత ప్రొద్దుటూరు పోయి, సైకిల్ షాపు మీద గది తీసుకుని, గోడలకు పరుపులు కట్టి, తన పాట తనే రాసి, తనే పాడి, తనే రికార్డు చేసి జనం ఫోన్లలోకి వదిలాడు. వెనక సినిమా లేదు, కంపెనీ లేదు. చివరి బస్సు తప్పిపోయినవాడు స్టాండులో కూర్చుని తనలో తను పాడుకునే పాట అది. జనం దాన్ని బస్సు పాట అన్నారు.

ఆ పాట మధ్యలో వీధిలో ఉప్పు అమ్మేవాడి కేక ఒకటి పొరపాటున పడింది. వీడు బద్ధకించి తీయలేదు. జనానికి ఆ కేక కూడా కంఠతా వచ్చేసింది. కడపలో వీడు పాడినప్పుడు డోలక్ నాది. సరిగ్గా ఆ చోటు రాగానే హాలు హాలంతా ‘ఉప్పో’ అని అరిచింది. పైకప్పు లేచి, మళ్లీ కూర్చునేటప్పుడు జానెడు పక్కకి కూర్చుంది. ఇప్పటికీ వానొస్తే ఆ మూల కారుతుంది, పోయి చూసుకోండి.

తర్వాత ఏడేళ్లు వీడి నుంచి కూనిరాగం లేదు. పెళ్లయింది, తల్లి పోయింది, రాసింది చించాడు, చించింది మళ్లీ రాశాడు. జనం మాత్రం ఆ పాత పాట కిందే అన్నా ఉన్నావా, అన్నా ఎప్పుడు అని రాస్తూనే ఉన్నారు. చివరికి పోయిన శుక్రవారం అయిదు పాటలు వదిలాడు. వాటి కింద జనం రాసిందంతా ఫోన్లో పెట్టుకుని ఇప్పుడు గురువు ముందు కూర్చున్నాడు.

జమాలయ్య తాత ఊదుబత్తి స్టాండ్లకు పట్టిన బూడిద దులుపుతున్నాడు. వీడు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఒకడు పాట ఇంకా మొదలవకముందే అదరగొట్టావన్నా అని రాశాడు. ఒకడు ఆనందం పట్టలేక ఏడుపు బొమ్మలు వరసగా పెట్టాడు. అక్కడి నుంచి మొదలు. గొంతు బరువైపోయిందేంటన్నా అని ఒకరు. అంతా శుభ్రంగా ఉంది, మా ఉప్పాయన ఏడీ అని ఒకరు. ఏడేళ్లు కాచుకున్నది దీనికేనా అని ఇంకొకరు. నాలుగుసార్లు విన్నా, ఇంకా ఎక్కలేదు, డ్యూటీలో మళ్లీ వింటా అని ఒక లారీ డ్రైవరు. బస్సు పాట మళ్లీ పాడు, బస్సు పాట మళ్లీ పాడు అని లెక్కలేనంత మంది.

నాకైతే వాళ్లమీద కోపం రాలేదు. అభిమాని అలక చుట్టం అలక లాంటిది. ముఖం ముడుచుకునైనా పెళ్లికి ముందు వచ్చేది వాడే. తాడిపత్రిలో ఒక ఊరేగింపులో జనం నాచేత అదే దరువు, అదే దరువు అని తెల్లారేదాకా వాయింపించారు. డోలక్‌లోంచి పొగ లేచింది, అయినా వాయించాను. ఇదంతా కంబగిరికి చెప్పబోతే వాడు వినే స్థితిలో లేడు.

వాణ్ణి అన్నిటికన్నా కోసింది ఒక ఆడపిల్ల రాసిన మాట. దాన్ని గుక్క తిప్పుకుని చదివాడు.

“‘మా నాయన పోయినప్పుడు బస్సు పాట వింటా బతికినా అన్నా. కొత్తవి బాగున్నాయేమో, నాకు తెలీదు. వాటిల్లో మా నాయన లేడు.’ చూసినావా తాతా? నేను రక్తం ధారపోసి పాడితే, వాళ్ల నాయన లేడంట. నా పాటలో వాళ్ల నాయన యాడుంటాడు?”

తాత బూడిద దులపడం ఆపలేదు.

“నువ్వు ఒక్కసారి విను. విని చెప్పు,” అని వీడు ఫోను ముందుకు చాచాడు. “బాగలేవంటే ఈ పొద్దే తీసేస్తా. బాగున్నాయన్నా తీసేస్తానేమో. ఇంత మంది వద్దనేదాన్ని ఉంచి ఏం లాభం?”

తాత ఫోను అందుకోలేదు. “చేతులు కడుక్కో,” అన్నాడు. “చాదరు మార్చే పొద్దయింది. మనిషి తక్కువున్నాడు.”

మా ఎర్రగుట్ట మీద చాదరు మార్చడానికి ఒక పద్ధతి ఉంది. సమాధి మీద ఏడాదంతా ఒకే పచ్చ చాదరు ఉంటుంది. ఉరుసు నాడు కొత్తది కప్పుతారు. సమాధి క్షణం కూడా బోసిగా కనబడకూడదు. అందుకని కొత్తదాన్ని పాదాల వైపు నుంచి పైపైన పరుచుకుంటూ పోతుంటే, పాతదాన్ని కింద నుంచి మెల్లిగా లాగుతూ రావాలి. కంబగిరి ఒక కొస పట్టాడు, తాత ఒక కొస. నేను బయట డోలక్ ఎత్తుకున్నాను. ఆ దెబ్బకి గుట్టమీది పావురాలన్నీ లేచిపోయి మూడో నాటికి గానీ దిగలేదు.

కొత్త చాదరు జరీ అంచుతో ధగధగలాడింది. పన్నీరు చల్లారు, దండం పెట్టుకున్నారు, అబ్బా ఎంత బాగుందో అని అందరూ అన్నారు. అన్నవాళ్లు అన్నట్టే వెనక్కి తిరిగి వసారాలోకి వచ్చి నిలబడ్డారు. లాగేసిన పాతదాన్ని అక్కడ ముక్కలు చేసి పంచుతారు. తాత కత్తెర తెచ్చి కంబగిరి చేతిలో పెట్టాడు.

పాత చాదరు చూడటానికి ఏమంత బాగుండదు. రంగు వెలిసింది. చుట్టూ నూనె మరకలు. ఊదుబత్తి నిప్పు పడి అక్కడక్కడా చిల్లులు. తల వైపు కొస అయితే జిడ్డుతో అట్టకట్టింది. కంబగిరి కోస్తూ పంచుతున్నాడు. ఆ జిడ్డు కొస దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక పెద్దావిడ చెయ్యి చాచింది. పేరు రామసుబ్బమ్మ. మైలవరం నుంచి ఏటా వస్తుంది.

ఇంత మాసిన గుడ్డ పెద్దామె చేతిలో పెట్టడానికి వాడికి మనసొప్పలేదు. భక్తులు తెచ్చిన కొత్త చాదర్లు ఇంకా కొన్ని పక్కన మడతపెట్టి ఉన్నాయి. అందులో ఒకటి విప్పి, జరీతో సహా చేతి రుమాలంత కోసి, రెండు చేతులా అందించాడు. ఇచ్చి, మంచి పని చేశానన్నట్టు నా వైపు చూశాడు కూడా.

ఆమె దాన్ని వెలుగుకి పట్టి చూసింది. జరీని వేలితో తడిమింది. మళ్లీ వాడి ఒళ్లోనే పెట్టేసింది.

“శానా బాగుంది నాయనా,” అంది. “నాకు ఆ పాతదాంట్లోది ఇయ్యి. పోయినేడు నా కోడలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు దాని మీదనే తల పెట్టి ఏడ్చినా. ఆ మూలది, రవ్వంతైనా సాలు.”

ఆమె చూపించింది ఆ జిడ్డు కొసనే.

కంబగిరి కోసి ఇచ్చాడు. ఆమె కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుని పోయింది. వెనకవాడూ అదే మూల అడిగాడు. ఆ వెనక కొత్తగా పెళ్లయిన జంట, నెల్లూరు కాలేజీ పిల్లలు, కండక్టరు ఒకాయన, అందరిదీ అదే వరస. పక్కన ధగధగలాడే గుడ్డను చూసి మెచ్చుకున్నారు గానీ అడిగినవాడు లేడు. నేనయితే ఆ తోపులాటలో ఒంటి చేత్తో వందమందిని ఆపాను. కాదు, ఇంకా ఎక్కువే.

పాతదంతా అయిపోయింది. వసారా ఖాళీ అయ్యింది. వాడి ఒళ్లో రామసుబ్బమ్మ తిరిగిచ్చిన జరీ ముక్క ఒకటే మిగిలింది. వాడు కత్తెర కింద పెట్టి, ఫోను తీసి, ఆ ఆడపిల్ల రాసిన మాట దగ్గరికి పోయాడు. ఈసారి పైకి చదవలేదు. ఏదో రాయబోయి చెరిపేశాడు. మళ్లీ మొదలుపెట్టి, ‘మీ నాయన పేరేంది తల్లీ’ అని రాసి పంపాడు.

తర్వాత లోపల సమాధి మీద పరిచిన కొత్త చాదరు వైపు చూశాడు. ఎవరో ఒకతను దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డకి నుదురు తగలకుండా కొంచెం ఎడంగా, కొత్తచోటికి వచ్చినవాడిలా.

“తాతా,” అన్నాడు కంబగిరి. “దాన్ని ఎవరన్నా అడుగుతారా?”

జమాలయ్య తాత కత్తెర తీసుకుని, రెండు రెక్కలూ తుడిచి, మూసి పక్కన పెట్టాడు.

“అడుగుతారులేప్పా,” అన్నాడు. “నడమ నువ్వు ఎత్తేయకుంటే.”