బాడుగకు దిగిన తాత

పెంచలయ్యకు నెల రోజులుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంది. అదే సమయానికి ప్రొద్దుటూరులో ఒక ఫ్లాటు అగ్గువకు వచ్చింది. కొని బాడుగకిస్తే నెలనెలా చేతిలో ఇంత పడుతుంది. కొనకపోతే ఇంకెవరో తన్నుకుపోతారు. కొంటే ఉన్నదంతా అందులోనే ఇరుక్కుపోతుందేమో. ఈ మూడు మాటలే తిప్పి తిప్పి ఇంట్లో చెబుతున్నాడు.

భార్య ఈశ్వరమ్మ చాలా రోజులు ఓపికగా వింది. చివరికి, "మీ తాతనే పోయి అడగండి. నేను వింటే ఆ ఇంటి గోడల చెమ్మ తగ్గదు" అంది.

తాత అంటే దస్తగిరి తాత. మార్కెట్టు వెనక సందులో పరుపులు కుట్టే ముసలాయన. గురువారం సాయంత్రాలు దర్గా అరుగు మీద కూర్చుంటే, చుట్టూ పదిమంది చేరేవాళ్ళు. ఏ కులం, ఏ మతం అని ఆయన అడిగేవాడు కాదు. ఉపన్యాసం అసలే చెప్పేవాడు కాదు. పెంచలయ్య పద్నాలుగేళ్ళుగా ఆయన శిష్యుడు. ఆ పద్నాలుగేళ్ళలో తాత తనతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే రెండు పేజీలు కావని అతనే చెప్పుకునేవాడు.

పెంచలయ్య వెళ్ళేసరికి తాత పరుపు మీద కూర్చొని దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు.

"తాతా, ఒక ఇల్లు వచ్చింది. కొందామా అని."

"ఎట్లుంది ఇల్లు?"

"అగ్గువగా ఉంది."

"ధర కాదప్పా, ఇల్లు ఎట్లుంది?"

పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. "మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, కాకపోతే కొంచెం పనిచేయదు. గోడలకు కొంచెం చెమ్మ. పైవాళ్ళ బాత్రూము నీళ్ళు కొంచెం కిందికి దిగుతాయి. బాల్కనీలో పావురాలు కొంచెం ఎక్కువ. వాకిలి తలుపు కొంచెం మొండిది. అంతకు మించి ఏమీ లేదు."

తాత దారం లాగాడు.

"ఉండబోయేది మనం కాదు కదా తాతా. బాడుగకుండే వాళ్ళకు ఇవన్నీ అలవాటే. కోచింగ్ పిల్లలకిస్తే గదికి నలుగురు లెక్కన ఎనిమిది మంది, హాల్లో ముగ్గురు. పదకొండు మంది పడతారు."

"కూర్చొనా, నిలబడా?"

పెంచలయ్య నవ్వబోయి, తాత నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

"కొనమంటారా, వద్దంటారా? ఆ మాట చెప్పండి. సోమవారం జమ్మలమడుగు నుంచి ఇంకో పార్టీ వస్తోందంట."

తాత దారం పళ్ళతో తెంపాడు. "ఒక పూటకు తాళం చెవి ఇస్తారా?"

మరునాడు పొద్దున పెంచలయ్య తాళం చెవి తెచ్చాడు. ఫ్లాటు యజమాని సుదర్శనం ఫ్యాన్సీ దుకాణం నడిపే మనిషి. పెద్దాయన వచ్చి ఇల్లు చూస్తాడంటే సంతోషంగా ఇచ్చాడు. సాయంత్రం తానే వచ్చి తీసుకుంటానన్నాడు.

తాత చంకలో చాప, చేతిలో చిన్న మూటతో వచ్చాడు.

"చాప ఎందుకు తాతా? చూసి వచ్చేద్దాం."

"చూసేదానికి కాదు. బాడుగకు దిగుతున్నా. ఈ ఒక్క పగలు. ఓనరు నువ్వే."

లిఫ్టులో ఎవరో ఉల్లిగడ్డల మూటలు పేర్చి పెట్టారు. తాత మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అంతస్తుకోసారి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ఊపిరి తీసుకున్నాడు. పెంచలయ్య వెనకే చాప పట్టుకొని నడిచాడు. ఈ మెట్లు అతను ఇప్పటికి నాలుగు సార్లు ఎక్కాడు. అవి ఇంత నిటారుగా ఉన్నాయని ఆ రోజే తెలిసింది.

తలుపు భుజంతో రెండుసార్లు నెడితే తెరుచుకుంది. తాత హాల్లో చాప పరుచుకొని గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి పిలిచాడు.

"ఓనరుగారూ."

పెంచలయ్య ఉలిక్కిపడ్డాడు. పద్నాలుగేళ్ళలో తాత తనను 'గారూ' అని పిలవడం అదే మొదలు.

"ఈ గోడకు ఆనుకోవచ్చాండీ?"

తాత ముందుకు వంగాడు. తెల్ల చొక్కా వీపంతా పచ్చటి నాచుమరక. పెంచలయ్యకు తల కొట్టేసినట్టయింది. గబగబా చాప ఇంకో గోడ పక్కకు జరిపి, ఫ్యాను స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరగలేదు. వంటింట్లో ఏదో గుర్రుమని మొదలైంది.

"ఓనరుగారూ, గాలి వంటింట్లో వీస్తున్నట్టుంది. నేను అక్కడికి పోనా?"

"మీరు కూర్చోండి తాతా" అని పెంచలయ్య డిపోలో తనకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు. అతను వచ్చి, బోర్డు విప్పి, ఈ వైర్లు కలిపినవాడు ఎవడో గానీ వాడికి దండం పెట్టాలన్నాడు. అరగంటకు హాల్లో ఫ్యాను తిరిగింది.

మధ్యాహ్నమవుతుండగా తాత లేచాడు. "నమాజుకు వజూ చేసుకోవాల. కాళ్ళూ చేతులూ కడుక్కునేదానికి నీళ్ళు ఎక్కడండీ?"

కొళాయి తిప్పితే గాలి వచ్చింది. పెంచలయ్య కిందికి పరుగెత్తి వాచ్‌మన్‌ను అడిగాడు. మోటారు పొద్దున ఆరింటికి ఒక గంట వేస్తారట, అంతే. కింద బోరు కొళాయి దగ్గర బకెట్టు నింపుకొని పైకి మోశాడు. అరవై ఆరు మెట్లు. లెక్క పెట్టడం అతని ఉద్యోగపు అలవాటు.

బాత్రూములో తాత టోపీ మీద పైనుంచి ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. తాత తలెత్తి చూశాడు.

"ఓనరుగారూ, ఇవి మీ నీళ్ళా, పైవాళ్ళవా?"

"పైవాళ్ళవి తాతా."

"మంచి నీళ్ళేనా, ఇంకేవైనానా?"

పెంచలయ్య తాతను పక్కకు జరిపి, పై అంతస్తుకు వెళ్ళి తలుపు తట్టాడు. ఒక లెక్చరరుగారి భార్య తలుపు తీసింది. అతను లీకేజీ మాట ఎత్తేసరికి ఆమెకు పట్టరానంత ఆనందం కలిగింది.

"మూడేళ్ళ నుంచి ఆ సుదర్శనంగారికి చెబుతున్నామండీ. సగం మీరు పెట్టుకోండి, సగం మేం పెట్టుకుంటాం, బాగు చేయిద్దామని. ఫోనెత్తరు. ఈ విషయం అడగడానికి పైకెక్కి వచ్చిన మొదటి మనిషి మీరే. కాఫీ తాగుతారా?"

కాఫీ తాగే తీరిక లేదు. కింద తాత నమాజుకు చోటు చూసుకుంటున్నాడు. హాల్లో ఒక పక్క చెమ్మ, ఒక పక్క విప్పిన బోర్డు తాలూకు సున్నం. మిగిలింది బాల్కనీ. బాల్కనీలో నాలుగేళ్ళ పావురాల పెంట ఉంది.

పెంచలయ్య లెక్చరరుగారి ఇంట్లో చీపురూ చేటా అడిగి తెచ్చుకున్నాడు. ముక్కుకు కండువా చుట్టుకొని పనిలోకి దిగాడు. పావురాలు రెయిలింగు మీద వరసగా కూర్చొని, టికెట్టు కొనని ప్రయాణికుల్లాగా అతన్ని లక్ష్యపెట్టకుండా చూశాయి. రెండు గోతాలు నిండాయి. గోతాలు కిందికి మోశాడు, కడగడానికి బకెట్లు పైకి మోశాడు. తాత ఆ చోట చాప వేసుకొని నెమ్మదిగా నమాజు చేసుకున్నాడు. ఆ లోపల పెంచలయ్య వాకిలి తలుపు బందులకు వదులైన మరలు బిగించి, కొబ్బరినూనె పోశాడు. తలుపు మూసుకుంది. తెరిచి మళ్ళీ మూశాడు. ఎందుకో ఇంకోసారి కూడా మూశాడు.

ఈశ్వరమ్మ పంపిన జొన్నరొట్టె ఇద్దరూ పంచుకున్నారు.

"ఇప్పుడన్నా చెప్పండి తాతా. కొనమంటారా, వద్దంటారా?"

"ఓనరుగారు బాడుగకుండే వాణ్ణి అడిగితే ఏం చెప్తాడండీ?" అని తాత రొట్టె తుంచుకున్నాడు.

నాలుగింటికి సుదర్శనం వచ్చాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకోవడం చూసి, తప్పు ఇంటికి వచ్చానేమోనని ఒక అడుగు వెనక్కి వేశాడు. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. బాల్కనీ నేల మెరుస్తోంది. ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి పెంచలయ్య ఎదుట నిలబడ్డాడు.

"పెంచలయ్యా, నా ఇల్లు ఇంత బాగుంటుందని నాకే తెలియదు. తక్కువకు చెప్పినట్టున్నా. ఇంకో రెండు లక్షలు వేసుకుందాం."

"ఊడ్చింది నేను. నేను ఊడ్చినందుకు నాకే రేటు పెంచుతావా?"

"ఎవరు ఊడిస్తే ఏముంది? ఇల్లు అయితే నాదే కదా."

తాత మూట కట్టుకుంటూ ఉన్నాడు.

అప్పుడే తెరిచి ఉన్న వాకిట్లో ఒకామె వచ్చి నిలబడింది. నలభై లోపు వయసు, చేతిలో కూరగాయల సంచి. పేరు ఓబులమ్మ. మొగుడూ తనూ బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతారు. ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నారట.

"అన్నా, ఈ ఇల్లు బాడుగకిస్తారంట కదా? వాచ్‌మన్ చెప్పినాడు."

"రామ్మా రా, చూడు" అన్నాడు సుదర్శనం. "ఫస్టుక్లాసు ఇల్లు." పెంచలయ్య వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఓబులమ్మ లోపలికి వచ్చి సంచి గోడ వారగా పెట్టబోయింది.

"అక్కడ వద్దమ్మా" అన్నాడు పెంచలయ్య.

అంత గట్టిగా అంటాడని అతనూ అనుకోలేదు. ఆమె సంచి గాల్లోనే ఆపింది.

"ఆ గోడకు చెమ్మ ఉంది. బట్టలు గానీ బియ్యం గానీ ఆ పక్క పెట్టొద్దు. మంచం ఇటు వేసుకోవాల."

సుదర్శనం దగ్గాడు. పెంచలయ్యకు అది వినబడలేదు. అతను బాత్రూము తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇక్కడ పైనుంచి చుక్కలు పడతాయి. పైనామెతో మాట్లాడినాను, సగం సగం పెట్టుకుంటే ఆగిపోతాది. పావురాలు ఈరోజు పోయినా రేపు వస్తాయి. వల కట్టాల. నీళ్ళు పొద్దున ఆరింటికి ఒక గంటే."

"ఆరింటికి మేము బండి దగ్గరుంటామన్నా. నాలుగింటికే పోతాం."

"అయితే నీకు కష్టమమ్మా. కింద నుంచి మోసుకోవాల. అరవై ఆరు మెట్లు. ఈరోజు నేను ఎనిమిది సార్లు ఎక్కినాను, చూడు." కాళ్ళు చూపించాడు. కాళ్ళలో చూడ్డానికేమీ లేదు, కానీ ఆమె చూసింది.

"ఏమప్పా, నువ్వు నా కొంప కొనేవాడివా, ముంచేవాడివా?" అన్నాడు సుదర్శనం.

ఓబులమ్మ ఇల్లంతా నిదానంగా తిరిగింది. వంటింటి కిటికీ తీసి మూసింది. మళ్ళీ హాల్లోకి వచ్చింది.

"నాలుగిండ్లు మారినామన్నా ఇప్పటికి. ఇవన్నీ దిగినాక తెలిసేవి. దిగకముందే చెప్పినోళ్ళు ఎవరూ లేరు. నువ్వు ఇస్తే మేము దిగుతాం. వంటింట్లో పెద్ద డ్రమ్ము ఒకటి పెట్టించు, పొద్దున నీళ్ళు పట్టమని పైనామెను అడుగుతా. ఆమెకు ఇడ్లీలు ఇస్తే పడుతుందిలే."

బస్టాండు దగ్గర బండి ఎక్కడుంటుందో చెప్పి వెళ్ళిపోయింది.

సుదర్శనం చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"సోమవారం జమ్మలమడుగు పార్టీ వస్తే, వాళ్ళకు కూడా ఇట్లే చెప్తావా?"

"నన్ను అడిగితే చెప్తా."

"అయితే పొద్దునటి రేటుకే తీసుకో. ఇంకెవరితోనూ మాట్లాడకుండా తీసుకో."

మెట్లు దిగుతూ రెండో అంతస్తు మలుపులో తాత కూర్చున్నాడు. పెంచలయ్య చాప పట్టుకొని పక్కన నిలబడ్డాడు. ఈసారి అతనేమీ అడగలేదు. పొద్దున తాతను ఈ మెట్లన్నీ ఎక్కించిన సంగతే అతని మనసులో ఉంది.

"కొనుక్కో" అన్నాడు తాత.

నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయింది. పై బాత్రూము బాగు చేయించారు, సగం సగం పెట్టుకొని. వంటింట్లో డ్రమ్ము వచ్చింది, బాల్కనీకి వల వచ్చింది. చెమ్మ గోడ మాత్రం రెండుసార్లు గీకించి పూయించినా పూర్తిగా మాట వినలేదు. ఆ సంగతి పెంచలయ్యే వెళ్ళి ఓబులమ్మకు చెప్పి వచ్చాడు. పదకొండు మంది పట్టే ఇంట్లో ఓబులమ్మ, మొగుడు, ఇద్దరు పిల్లలు, మూడు ఇడ్లీ పాత్రలు చేరారు.

ఒక గురువారం అతను ఓబులమ్మ బండి నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకొని తాత దగ్గరికి వెళ్ళాడు. చాలా రోజులుగా ఒక మాట అతని నోట్లో ఆడుతోంది.

"తాతా, కొనుక్కో అనే ఆ ఒక్క మాట పొద్దునే చెప్పి ఉంటే, నాకు ఆ పావురాల పెంట ఎత్తే పని తప్పేది కదా?"

తాత బజ్జీ కొరికాడు. మిరపకాయ కారం తగిలి, కాసేపు నోరు ఊదుకున్నాడు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పొద్దున ఆ ఇంటికి ఓనరు లేడప్పా" అన్నాడు.