నెల కాదు, కడుపు చూడమన్న అంకాలు

ఎన్ని తరాల కిందటో నన్నడగొద్దు. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక జాలరిపేట ఉండేదట. ఆ పేటలో అంకాలు అనే ముసలమ్మ. చనిపోయిన మొగుడి విసురు వల ఒక్కటే ఆమె ఆస్తి. ఏట్లో నడుం లోతున నిలబడి వల విసిరితేనే ఆ పూట కూడు.

ఆ పేటకి ఒక కట్టుబాటు. ఆషాఢంలో చేప కడుపుతో ఉంటుంది, గుడ్లు పెట్టడానికి ఏట్లోకి వస్తుంది. కనుక ఆషాఢమంతా ఎవరూ వల తడపకూడదు. తడిపితే నడివీధిలో ఆ వల కాల్చేస్తారు. ఎవరూ ఏనాడూ తప్పలేదు. పొరుగు పేటల దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు కూడా.

కాలం మారింది. ఎండలు ముందే ముదిరాయి. వానలు వెనక్కి జరిగాయి. ఏరు వేడెక్కింది. ఒక వైశాఖంలో అంకాలు చేప కోస్తే కడుపునిండా గుడ్లు! ఆ చేపని చేటలో వేసుకుని పేట పెద్ద, పెదకాపు కొర్లయ్య దగ్గరికి పోయింది.

“బాబూ, సేప ముందే కడుపుతో వచ్చేసినాది. వలలు ఇప్పుడే ఆపించు.”

“ఆషాఢం రానీవే అంకాలూ, ఆపుదాం,” అన్నాడు పెదకాపు.

మరుసటేడు వైశాఖంలోనూ అంతే. మళ్లీ పోయింది. “ఆషాఢం రానీవే,” అన్నాడు. మూడో ఏడు కూడా వెళ్లి చెప్పింది.

“నీకు సెవుడేటే? తాతలు పెట్టిన నెల అది. ఆషాఢం రానీ!” అని కసిరాడు.

చేపలు తగ్గిపోయాయి. కట్టుబాటు తప్పలేదు కదా, ఇదేం ఖర్మ అని పేటంతా తల పట్టుకుంది. అమ్మవారికి జాతర చేశారు. అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది, పాపం! గుడ్ల చేపల్ని వైశాఖంలో వండుకు తిని, ఆషాఢంలో ఖాళీ ఏటికి కాపలా కాస్తున్నారు మరి.

ఆ ఏడు ఆషాఢం వచ్చింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అంకాలు ఏట్లో దిగింది. ఈ వల పోతే తన నోట్లోకి మెతుకు పోదని ఆమెకి తెలుసు. అయినా విసిరింది. మూడుసార్లు విసిరితే మూడు చేపలు పడ్డాయి. జనం కేకలేస్తూ ఆమెని పెదకాపు ముందుకి లాక్కొచ్చారు.

“వల కాల్చండి,” అంది అంకాలు. “ముందు ఈటిని కోసి సూడండి.”

కొర్లయ్యే కత్తిపీట ముందు కూర్చున్నాడు. మొదటి చేప కోశాడు. గుడ్డు లేదు. రెండోది కోశాడు. గుడ్డు లేదు. మూడోదీ కోశాడు. అందులోనూ లేదు.

“తాతలు కాపాడమన్నది సేపని బాబూ, నెలని కాదు,” అంది అంకాలు.

“నిజమేనే. కానీ మారేదాకా కట్టుబాటు కట్టుబాటే,” అన్నాడతను.

వల కాల్చారు. నాకైతే ఇప్పటికీ ఆ కొర్లయ్య మీద కోపమే. కాకపోతే ఆ నిప్పు ఆరకముందే అక్కడే నిలబడి, ఇకమీదట నెల చూడొద్దు, కడుపు చూడండని పేటకంతటికీ చెప్పాడు.

అంకాలు మళ్లీ వల కొనలేకపోయింది. వాళ్లూ వీళ్లూ పోసిన గంజి తాగి రెండేళ్లు బతికింది. మూడో ఏట ఏరు నిండా చేపలు వచ్చాయి. చూడడానికి ఆమె లేదు.

ఇప్పటికీ ఆ పేటలో మాఘం దాటితే ప్రతి పౌర్ణమికీ మూడు చేపలు పట్టి, అందరికన్నా పెద్దావిడ చేత కోయిస్తారు. గుడ్డు కనబడితే ఆ రోజే వలలన్నీ గట్టెక్కుతాయి. ఏ పెద్దమనిషైనా పాత పద్ధతి పట్టుకుని వేలాడితే, వెనకనుంచి ఎవరో ఒకరు అడుగుతారు:

“అంకాలమ్మ అడగమంది. కోసి సూశారా?”